ఇంటి పని మాటలు

నదిని తల్లి అని రాసిన ప్రతి పిల్లవాడికీ ఒకటి తగిలించాలని ఉండేది నాకు. ఇప్పుడు బడిలో కొట్టకూడదు కాబట్టి కొట్టలేదు కాని చేతులు మాత్రం దురద పెట్టేవి. మరాఠీ రాష్ట్రం అంచున నది ఒడ్డునున్న మా సిరోంచలో ఆ తల్లి ఏటేటా ఏం చేస్తుందో పిల్లలకు నాకంటే బాగా తెలుసు. బ్యారేజీ కట్టాక వెనక్కి ఎగదన్నిన నీళ్లు ఎవరి మిరపచేను మింగాయో, ఎవరి బావి పూడ్చాయో, ఎవరి ఎడ్లు పలుపుతాళ్లతో సహా కొట్టుకుపోయాయో వేళ్ల మీద చెప్తారు. పెన్ను పట్టుకోగానే మాత్రం నది తల్లి, చెట్టు స్నేహితుడు, గురువు దీపం. ఈ దరిద్రమంతా గైడ్ల నుంచి వచ్చింది. ఒకసారి పదో తరగతికి పాఠం చెప్తూ కోపం పట్టలేక ఒక గైడును నడుమకు చింపి కిటికీలోంచి పారేశాను. పోయి పోయి ఒక బర్రె ముందు పడింది. అది కూడా వాసన చూసి వదిలేసి పోయింది.

నేను మరాఠీ చెప్పే తెలుగుదాన్ని. మాది మరాఠీ మీడియం బడి. పిల్లలు ఇంట్లో తెలుగు, సందులో ఉర్దూ, ఫోన్లో హిందీ మాట్లాడి, బళ్లోకి వచ్చి మరాఠీలో నిబంధ్‌లు రాస్తారు. నిబంధ్ అంటే వ్యాసం. ఇన్ని భాషలు మోసే పిల్లల చేత గైడు వాక్యాలు రాయించడం నాకు పాపంలా తోచేది. అందుకని రెండు షరతులు పెట్టాను. మొదటిది, ముందు తెలుగులో నోటితో చెప్పాలి, ఆ తర్వాతే మరాఠీలో రాయాలి. రెండోది, పోలిక ఏదైనా ఇంటి పనిలోంచే రావాలి.

"మీ ఇంట్ల ఏ పని నడుస్తదో ఆ పని మాటలు తీసుకోండి. గా మాటలతోటి ఇంకోదాన్ని చెప్పండి. చందమామ, తామరపువ్వు కనవడ్డయా, పేపరు చింపి చేతుల పెడ్త," అన్నాను.

మొదట చేపలు పట్టే వాళ్ల పిల్లవాడొకడు లేచి, "పరీక్ష అంటే సన్న కండ్ల వల మేడం. పెద్ద చేప చింపుకొని పోతది. మా అసోంటి పరక పిల్లలే చిక్కుతరు," అన్నాడు. బామ్ని నుంచి సైకిల్ మీద వచ్చే పిల్ల, "మా అమ్మ కోపం ఎండుమిర్చి మేడం. ఎండల పడుకొని ఊకుంటది. పొయ్యిల పడ్డంక ఇల్లంత దగ్గుడే," అన్నది. పెర్మిలి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లవాడు ఇంట్లో గోండి మాట్లాడతాడు, తెలుగు తడుముకుంటాడు. వాళ్ల ఇంట్లో తేనె తీస్తారు. వాడు నేల చూస్తూ, "మా ఊర్ల ఎవలన్న తలుపు కొడితే తేనెతుట్టెకు పొగ పెట్టినట్టు మేడం. ఎవలు పెట్టిండ్రో ఎవడు అడగడు. ముందుగాల ఉర్కుడే," అన్నాడు. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అడవి పక్క ఊళ్లలో తలుపు కొట్టేది పోలీసులైనా కావచ్చు, అడవిలోని దళమైనా కావచ్చు.

మా అన్న కొడుకు కూడా అదే తరగతి. అన్నకు పెద్ద కిరాణా దుకాణం ఉంది, ఆ ఇంటి వెనక వాటాలోనే నేనుంటాను. మేనల్లుడు లేచి ఠీవిగా గురువు దీపం అన్నాడు.

"అంత పెద్ద దుకాణం పెట్టుకొని నీకు ఒక్క మాట దొరకలేదార? పప్పు లేదా, ఉప్పు లేదా? ఎలుకలు గూడ లేవా?" అన్నాను.

తరగతంతా గొల్లుమంది. వాడి మొహం కందిపోయింది. అనాల్సిన మాటే అన్నాను. అత్తనని ముద్దు చేస్తూ కూర్చుంటే చదువెక్కడ వస్తుంది?

ఆ తర్వాత లేచింది ఆ పిల్ల. బస్టాండు దగ్గర మటన్ దుకాణం భాయ్ కూతురు. చివరి బెంచీలో కిటికీ వైపు కూర్చునేది. బడికి వచ్చే ముందు చేతులకు సబ్బు మీద సబ్బు రుద్దుకుంటుందని తోటి పిల్లలు వెక్కిరించేవాళ్లు. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. ఆ రోజు మాత్రం అడగకుండానే లేచి నిలబడింది.

"నది గురించి చెప్త మేడం," అన్నది. "మా అబ్బా మేకను కోసేముందుగాల నీళ్లు తాపుతడు. నది గూడ ముందుగాల చేన్లకు నీళ్లే తాపింది. ఇగ కోసింది. పైతోలు ఒలిచింది, మిర్చి పోయింది. కండ తీసింది, నల్లమట్టి పోయింది. లాస్టుకు బొక్కలు తేలినయి. గా తెల్ల రాళ్లు గవే. తోలు ఒలిచేటప్పుడు అబ్బా చెయ్యి అస్సలు వణకది. నదికి గూడ వణకలే."

ఏం చెప్పను! ఇరవై ఏళ్లుగా సుద్దముక్కలు అరగదీస్తున్నాను, ఇలాంటి మాట ఒక్క పిల్ల నోట వినలేదు. ఏడ్చేస్తానేమోనని బోర్డు వైపు తిరిగి ఊరికే తుడిచాను. ఆ మాటలే మరాఠీలో రాయించాను. రెండో మూడో పదాలు అందించి ఉంటాను, మిగిలిందంతా ఆ పిల్లదే. మర్నాడు పొద్దున పరిపాఠ్‌లో, అంటే ప్రార్థన సమయంలో, బడి మొత్తం ముందు చదివించాను. చదువుతుంటే ఆ పిల్ల గొంతు స్థిరంగా ఉంది. నేను గర్వంతో ఉబ్బిపోయి నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నానికే వరండాలో మేకలు అరవడం మొదలైంది. ఆ పిల్ల నడిస్తే వెనకనుంచి "మే మే" అంటున్నారు. నేను ఇద్దరి చెవులు మెలిపెట్టాను. చెవులు వదలగానే మళ్లీ మొదలు.

మర్నాడు అన్నం బెల్లు కొట్టాక తరగతిలోంచి పెద్ద కేక వినిపించింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి మా మేనల్లుడు బెంచీల మధ్య పడి ఉన్నాడు. ఆ పిల్ల వాడి ఛాతీ మీద మోకాలు పెట్టి స్టీలు టిఫిన్ డబ్బాతో కొడుతోంది. ఒకటి కాదు, రెండు కాదు. డబ్బా అంచు తగిలి వాడి కనుబొమ్మ చీలింది. నెత్తురు కళ్లలోకి, నోట్లోకి, చొక్కా మీదికి కారుతోంది. పక్కన నేల మీద అన్నం చెల్లాచెదురుగా ఉంది. ఆ అన్నంలో ఒక మేక గిట్ట ఉంది. వెంట్రుకలతో, బురదతో, అలాగే. వాళ్ల దుకాణం వెనక చెత్తలోంచి ఏరుకొచ్చి మావాడే ఆ డబ్బాలో పెట్టాడు. ఆ పిల్లను వెనకనుంచి నడుం పట్టి లాగాను. నా చేతిని కూడా కొరికింది. ఇప్పటికీ మచ్చ ఉంది.

"అన్నంల పెట్టిండు మేడం! నా అన్నంల పెట్టిండు!" అని అరిచింది.

మావాడికి కుట్లు పడ్డాయి. గంట తిరక్కుండా మా అన్న నలుగురిని వెంటేసుకొని హెడ్‌మాస్టర్ గదిలోకి వచ్చాడు. మా అన్న కోపం నాకు తెలుసు, ఎందుకంటే అదే నెత్తురు నాలోనూ ఉంది.

"కత్తి పట్టేటోళ్ల పిల్లను పక్కన కూసుండబెట్టి కత్తి పాఠాలే చెప్తరా? టీసీ ఇచ్చి పంపియ్యాలె. లేకుంటే కేసు పెడ్త," అన్నాడు.

"ఎవని మీద పెడ్తవ్? అన్నంల గిట్ట పెట్టినోని మీదనా?" అన్నాను.

"నువ్వు ఇంటిదానివా, బయటిదానివా?"

"ఇంట్ల ఇంటిదాన్నే. బడిల బడిదాన్ని. గొంతు జర తగ్గించు."

హెడ్‌మాస్టర్ పాపం రెండు చేతులూ బల్ల మీద పెట్టుకొని నా వైపు చూశాడు. "మేడం, తల్లి ఉన్నది, దీపం ఉన్నది, పువ్వున్నది. గవి సాలయా? కత్తెందుకు తెచ్చిన్రు క్లాసులకు?" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, లొల్లి అంటే భయం అంతే. అన్న రాసిచ్చిన అర్జీ తీసుకున్నాడు. కమిటీ కూర్చొని తేల్చేదాకా ఆ పిల్లను ఇంట్లో ఉండమన్నాడు. బోర్డు పరీక్షల ఫారాలు పంపే రోజులవి. ఈలోగా టీసీ చేతిలో పెట్టారంటే ఆ పిల్ల పదో తరగతి పరీక్ష రాయదు. రాయకపోతే ఇంకేముంది, సంబంధాలు చూస్తారు. వాళ్ల అక్కకు అలాగే అయింది. నాకు తెలుసు, వాళ్లింట్లో అందరికీ తెలుసు.

మర్నాడు బడి కాగానే మటన్ దుకాణానికి పోయాను. భాయ్, నేను ఒకే సందులో పెరిగాం. మామూలుగా నన్ను "చెల్లె" అంటాడు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. బేరం చేస్తుంటే బస్టాండు అవతలికి వినబడుతుంది. ఆ రోజు నన్ను చూసి కూడా మొద్దు మీద తొడ ముక్క పెట్టి కొడుతూనే ఉన్నాడు. ఎముక పిప్పి ఎగిరి నా చీర మీద పడింది.

"భాయ్, టీసీ ఇయ్యకుంట నేను సూస్కుంట. బిడ్డను బడికి పంపు," అన్నాను.

"వాళ్లిచ్చుడేంది మేడం? నేనే తీస్కపోత."

మేడం అన్నాడంటే కోపం తలకెక్కిందన్నమాట.

"పిల్ల మస్తు మంచిగ రాసింది భాయ్. గంత మంచిగ..."

కత్తి మొద్దులో దిగబడింది. గట్టిగా కొట్టి అలాగే వదిలేశాడు. కొనడానికి వచ్చిన మనిషి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏం రాసింది? నా మొద్దు, నా కత్తి, నెత్తురు పారే నా మోరి. గంతేనా? మేడం, మీకు గవి మాటలు. నాకు మాటలు కావు, నా గోర్లల్ల ఉంటయి. మా అబ్బా సచ్చినంక స్నానం పోస్తుంటే ఆయన గోర్లల్ల గూడ నెత్తురున్నది. గీ కండ్లతోటి సూసిన. గందుకే బిడ్డను బడికి తోలిన. గా వాసన నాతోనే ఆగిపోవాలె అని. మీరేం చేసిన్రు? గా వాసననే కాయితం మీద పెట్టిచ్చి, ఊరందరి ముంగట సదివిచ్చిన్రు."

"సిగ్గుపడేటంత తప్పు పనేం చేస్తున్నవ్ భాయ్ నువ్వు?" నేను కూడా అరిచాను.

"సిగ్గు నాకు లేదు. దానికి రాకుంట సూస్తున్న."

దుకాణం వెనకే ఇల్లు. గోనె పరదా పక్కన ఆ పిల్ల నిలబడి అంతా వింటోంది. నేను చూసేసరికి లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి తిరుగుతుంటే భాయ్ అన్నాడు: "మీ అన్న సేటుకు చెప్పున్రి. గోదాం దావతుకు నేను రాను. కత్తి మాట నచ్చనోళ్లకు కత్తెందుకు?"

ఆ మాట బరువు సిరోంచ వాళ్లకే తెలుస్తుంది. మా సందులో ఎవరింట్లో దావత్ జరిగినా, హిందువులైనా ముస్లింలైనా, మేకను ఆయనే కోయాలి. ఆయన కోస్తేనే ఒకే గిన్నెలో వండింది అందరూ తింటారు, దుకాణాల ముస్లింలు కూడా మా బంతిలో కూర్చుంటారు. మా తాత ఇంటికి ఆయన తాత వచ్చేవాడట. అలా నడిచి నడిచి మా ఇంటి మగవాళ్లలో ఒక్కరికీ కత్తి పట్టడం రాదు. తినడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. అన్న కొత్త గోదాం కట్టాడు. ఆ వారమే దావత్. సగం బజారును పిలిచాడు.

భాయ్ రానన్నాడని చెప్తే అన్న మొండికేశాడు. "గదొక పెద్ద విద్దెనా ఏంది? నేను కోస్త," అన్నాడు. వదిన వద్దంది, నేను వద్దన్నాను. అహేరి నుంచి ఎవరినైనా పిలిపిద్దామని హమాలీలు కూడా అన్నారు. ఎవరి మాటా వినలేదు. హార్డ్‌వేర్ దుకాణం నుంచి కొత్త కత్తి తెచ్చాడు, ఇంకా దాని పిడికి కాగితం అంటుకొనే ఉంది. నుదుట పట్టీ కట్టుకొని ఉన్న కొడుకును పిలిచి, "నువ్వు ఎనకకాళ్లు పట్టు. మొగోనివి కావాలె," అన్నాడు.

నల్ల మేక. గోదాం ముందు కట్టేసి ఉంది. ఎండలో నాలుక బయటపెట్టి రొప్పుతోంది. "నీళ్లన్న తాపున్రి," అన్నాను. డప్పుల మోతలో ఎవరికీ వినబడలేదు, లేదా విననట్టు నటించారు. ఇద్దరు హమాలీలు తల వంచి పట్టుకున్నారు. అన్న కళ్లు సగం మూసుకొని కత్తి లాగాడు. పైన లాగాడు. వెంట్రుకలు తెగాయి, తోలు తెగింది, గొంతు తెగలేదు. మేక అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మనిషి బిడ్డ అరిచినట్టే అరిచింది. అన్న కంగారుపడి మళ్లీ లాగాడు, ఈసారి తన వేలే కోసుకున్నాడు. మేనల్లుడు భయపడి కాళ్లు వదిలేశాడు.

మెడ సగం వేలాడుతున్న మేక లేచి పరుగెత్తింది. కొత్త గోదాంలోకే దూరింది. బియ్యం బస్తాల మీదికెక్కింది, జారింది, మళ్లీ ఎక్కింది. నెత్తురు చిమ్మి కొత్త సున్నం గోడల మీద, బంతిపూల దండల మీద, పూజ చేసిన తక్కెడ మీద పడింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. వెనకనుంచి ఇద్దరు తరిమారు. ఒకడు బస్తాలు పొడిచే కొక్కెంతో, ఇంకొకడు గడ్డపారతో. మొదటి దెబ్బ వీపు మీద పడింది, రెండోది బస్తా మీద. తలకు తగిలేదాకా కొడుతూనే ఉన్నారు. అదంతా అయ్యాక కూడా దాని కాళ్లు చాలాసేపు తన్నుకుంటూనే ఉన్నాయి. పిలిస్తే వచ్చిన బజారు వాళ్లు చెప్పులు వేసుకొని మెల్లగా ఒక్కొక్కరే జారుకున్నారు. ముస్లిం దుకాణదారులు పోతూ పోతూ మొహమాటానికి మా వదినతో, "పనుందమ్మ," అని చెప్పి పోయారు.

మేనల్లుడు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మొహమంతా చిమ్మిన నెత్తురు. ఒక్కసారిగా వాంతి చేసుకున్నాడు. తర్వాత తండ్రి మీద అరిచాడు, అందరి ముందు: "భాయ్‌ని బతిలాడి పిలువక పోతివి బాపు! తప్పు నాది! గిట్ట నేనే పెట్టిన! నేనే పెట్టిన!"

అన్న వాడి చెంప మీద ఈడ్చి కొట్టాడు. కుట్లు తెగాయి. పట్టీ కిందనుంచి కొత్త నెత్తురు ఉబికింది. మళ్లీ చెయ్యి ఎత్తాడు. అప్పుడు నాకేమైందో తెలియదు. పక్కన వంట దగ్గర పెద్ద ఇనుప గంటె ఉంది. దానితో మా అన్న భుజం మీద కొట్టాను. పుట్టి బుద్ధెరిగాక అన్న మీద చెయ్యెత్తింది అదే మొదటిసారి. గట్టిగానే తగిలింది. ఆయన కూలబడి, కోసుకున్న వేలు పట్టుకొని, చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి నా వైపు చూశాడు. బాధ నాకూ కలిగింది. అయినా గంటె కింద పెట్టలేదు, పిల్లవాడిని ఆటోలో ఎక్కించేదాకా.

దవాఖానాలో మళ్లీ కుట్లేశారు. తండ్రికీ కొడుకుకీ ఒకే నర్సు పక్కపక్కనే కూర్చోబెట్టి కట్టు కట్టింది. "ఇద్దరిని ఎవలు కొట్టిన్రు?" అని అడిగింది.

మర్నాడు పొద్దున అన్నే వచ్చి నా తలుపు కొట్టాడు. "నడువు, భాయ్ దగ్గరికి పోదాం," అన్నాడు. అంతే. దుకాణం ముందు నిలబడి, కట్టు కట్టిన చెయ్యి వెనక దాచుకొని, "భాయ్, అర్జీ వాపస్ తీసుకుంటున్న. మా పోరనిదే తప్పు. బిడ్డను బడికి తోలు," అన్నాడు.

భాయ్ కత్తి నూరడం ఆపలేదు. "మేకను ఏం చేసిన్రు సేటు?" అని అడిగాడు.

"పాతిపెట్టినం."

"నీళ్లు తాపిన్రా?"

అన్న తల వంచుకున్నాడు. అన్న వెళ్లిపోయాక భాయ్ నన్ను మాత్రం ఆగమన్నాడు.

"పంపిస్త మేడం. గని షరతు మీతోటి, సేటుతోటి కాదు. అది అందరి లెక్క రాయాలె. కత్తి, తోలు, బొక్క, నా దుకాణం మాట ఒక్కటి దాని పేపర్ల కనవడొద్దు. ఒప్పుకుంటరా?"

పరదా పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. నేను ఏమంటానోనని నా నోటి వైపే చూస్తోంది. కొట్లాడాలని ఉంది నాకు. నీ బిడ్డకు భగవంతుడిచ్చిన నాలుకను నువ్వే కోస్తున్నావు భాయ్ అని అరవాలని ఉంది. కాని ఫారాలు పంపడానికి రెండు రోజులే ఉన్నాయి. ఇప్పుడు నేను గెలిస్తే పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. "సరే," అన్నాను. పిల్ల లోపలికి వెళ్లి పుస్తకాల సంచి సర్దుకుంది.

అలా బడికి వచ్చింది. మావాడు ఆమె బెంచీ దగ్గరికి పోయి ఏదో అన్నాడు. ఏమన్నాడో నేను అడగలేదు. మేకల అరుపులు ఆగిపోయాయి. నా షరతులు మాత్రం మిగిలిన అందరికీ అలాగే ఉన్నాయి. ఇవాళ్టికీ ఉన్నాయి. ఎవరు వద్దన్నా పోలిక ఇంటి పనిలోంచే రావాలంటాను. ఆ ఒక్క పిల్ల దగ్గరికి వచ్చినప్పుడు పక్క బెంచీకి వెళ్లిపోయేదాన్ని. ఆ పిల్ల గైడు కొనుక్కుంది.

బోర్డు పరీక్షలకు ముందు బడిలో పెట్టిన పరీక్షలో, నా తండ్రి అనే విషయం మీద నిబంధ్ రాయమన్నారు. ఆ ప్రశ్నపత్రం నేను తయారుచేసింది కాదు, పైనుంచి వచ్చింది. పేపర్లు దిద్దాక పాలక్ సభ పెట్టారు. తల్లిదండ్రులు వచ్చి పిల్లల పేపర్లు చూసుకొని పోవాలి. భాయ్ కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అత్తరు రాసుకున్నాడు, గోళ్లు పొట్టిగా కత్తిరించుకున్నాడు. పక్కన కూతురు. ఆయనకు మరాఠీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

"నా మీద రాసిందట గద చెల్లె," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "జర సదివి తెలుగుల చెప్పు."

నా చేతిలో పేపరు బరువెక్కింది. ఏదో వంక చెప్పి తప్పించుకుందామనుకున్నాను. పిల్ల నా వైపు సూటిగా చూసి, "సదవండి మేడం," అన్నది. చదివాను.

"నా తండ్రి క్రమశిక్షణ గల వ్యక్తి. ఆయన ప్రతిరోజూ పది గంటలకు ఆఫీసుకు వెళ్తారు. ఎప్పుడూ తెల్లని బట్టలు ధరిస్తారు. సాయంత్రం నా కోసం కథల పుస్తకాలు తెస్తారు. ఆదివారం మేమందరం కలిసి తోటకు వెళ్తాం. నా తండ్రి నాకు ఆదర్శం."

భాయ్ కూతురి వైపు తిరిగాడు.

"ఐతారమా?" అన్నాడు. "ఐతారం తోటకు పోతమా మనం?"

ఆదివారం ఆయన దుకాణం ముందు నిలబడడానికి జాగా ఉండదు. ఊరంతా అక్కడే ఉంటుంది.

"గీయనెవలు బిడ్డా?" అని అడిగాడు. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో, పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

"గీయన మార్కులు తెచ్చే అబ్బా," అన్నది పిల్ల. ఏడవలేదు, వెటకారమూ చేయలేదు. "మీ దుకాణం మాట ఒక్కటి రావద్దన్నరు గద. అన్ని తీసేస్తే గీయన మిగిలిండు."

ఆయన ఆ పేపరును నా చేతిలోంచి తీసుకున్నాడు. చదవడం రాకపోయినా పైనుంచి కిందిదాకా చూశాడు. ఎర్ర సిరా దగ్గర వేలు పెట్టాడు. పదికి తొమ్మిది. ఒక్క తప్పు లేదు, ఆ ఒక్క మార్కు నేను కోపంతో కోసేశాను.

"నన్ను రాస్తే ఎన్నొస్తయి చెల్లె?"

"నేనైతే పదికి పది ఏస్త భాయ్. బోర్డు పేపర్లు దిద్దేటోళ్లు ఎక్కడెక్కడనో ఉంటరు. వాళ్లు ఏమంటరో నాకు ఎరుక లేదు," అన్నాను. అబద్ధం చెప్పి ఊరడించడం నాకు చేతకాదు.

ఆయన పేపరును నాలుగు మడతలు పెట్టాడు. మళ్లీ విప్పాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు, అందరూ చూస్తుండగానే.

"బోర్డుల గీయన్నే రాయి బిడ్డా," అన్నాడు. "పాస్ గావాలె. ఇంట్ల నన్ను రాయి. రాసి నాకు సదివి ఇనిపియ్యి."

పిల్ల తలెత్తింది. "కత్తి ఉంటది మరి, అబ్బా."

"ఉండనీ," అన్నాడు.